రామమ్మ రాట్నం

నారాయణపేట, 1963

పెద్దబాపుకు నమస్కారాలు.

ఈ ఉదయం పెంకుల సందులోంచి ఎండ దిగి రాట్నం మీద ఆగింది. ఎర్ర నూలు కాసేపు నీళ్లలా కదిలింది.

రాట్నం మీద నేతకు కండెలకు నూలు చుట్టే రామమ్మ కాన్పుకు పోయింది కనుక ఆమె స్థానంలో కొత్త మనిషిని పెట్టమని మీరు రాశారు. నిన్న ఆమె పసిబిడ్డతో వచ్చింది.

"నా రాట్నం నాకుంటదా అమ్మా? పిల్లకు మెడ నిలవంగనే వస్త."

మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న ఐలేశం, "దాన్నెవలెత్తుకపోతరే! కిర్రుకిర్రుమని నీ బిడ్డకంటె అదే ఎక్కువ ఏడుస్తది" అన్నాడు.

రామమ్మ నవ్వలేదు. నావైపే చూసింది.

కాన్పుకు పోయిన మనిషిని మిల్లుల్లో పనిలోంచి తీసేయకూడదని చట్టం ఉందట. మా కాన్వెంటులో సిస్టర్ చెప్పారు. మన నాలుగు మగ్గాలకు అది వర్తిస్తుందో లేదో తెలియదు. అయినా ఆమె చోటు ఆమెకే ఉంచండి.

పని ఆగలేదు. ఆమె కాన్పుకు వెళ్లిన మర్నాటి నుంచి కండెలు నేనే చుడుతున్నాను.