తెల్లగా మెరిసిన ఫిల్ము

ఫిబ్రవరి 4
ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గీకినట్టుంది. అన్న టైర్లు విప్పే ఇనప లివరు ఎత్తింది వదిన మీదకి. మధ్యలో దూరింది నేను. కుడి ముంజేయి నుజ్జయింది. అన్న టైర్ల షాపులో కస్టమర్లు గుడ్లప్పగించి చూశారు, ఒక్కడూ కదల్లేదు. అన్న లివరు తుడిచి, మేకుకి తగిలించి, అప్పుడు నన్ను ఆసుపత్రికి తెచ్చాడు. అదీ మావాడి ప్రేమ.

ఫిబ్రవరి 6
ఆపరేషన్ అయింది. ఎముకలో ఒక ముక్క పొడైపోయిందట, అక్కడ ఖాళీ. తుంటి నుంచి ఎముక తీసి పెట్టాలా, సింథటిక్ గ్రాఫ్ట్, అంటే కృత్రిమ ఎముక పొడి, నింపాలా అని డాక్టరమ్మ ముందే అడిగింది. ఇంకోచోట కోయనివ్వనన్నాను. ఉప్పురవ్వలా ఉండే పొడిని నా రక్తంలోనే తడిపి కూరారు. పైన ప్లేటు బిగించారు.
వదిన అన్న ఇల్లు వదిలి, అమ్మవాళ్ల మేడ మీద నా గదికి వచ్చేసింది. నాకు అన్నం తినిపిస్తూ ఏడుస్తుంది. ఏడవకపోతే ముద్ద ఇంకా త్వరగా వచ్చేది.

ఫిబ్రవరి 27
ఎక్స్-రే. ఖాళీ అంతా తెల్లగా మెరుస్తోంది! అతికిపోయిందని కేకేశాను. డాక్టరమ్మ నవ్వింది. ఆ తెలుపు ఎముక కాదు, వాళ్లు కూరిన పొడేనట. నా ఎముక అందులోకి పెరిగేకొద్దీ పొడి కరుగుతుందట, తెలుపు మసకబారుతుందట. అప్పుడే అతికినట్టు. అందాకా బరువు పడితే పుటుక్కుమంటుందట, ప్లేటుతో సహా.

ఫిబ్రవరి 28
అన్న వచ్చి ఫిల్ము కిటికీకి అడ్డంపెట్టి అందరికీ చూపించాడు. చెల్లి చెయ్యి బాగైపోయింది, ఇంకా అలకెందుకు, ఇంటికి రమ్మని వదినని బతిమాలాడు. అది ఉత్త పొడి అని మొత్తుకున్నాను. నీకన్నీ అనుమానాలే అంది అమ్మ. వదిన బట్టలు సర్దుకుంది.

మార్చి 9
వదిన దవడ పగిలింది.

మార్చి 10
నిన్న వెళ్లేసరికి వదిన షాపులో నేల మీద, నోటికి గుడ్డ అడ్డంపెట్టుకుని ఉంది. గుడ్డ నిండా రక్తం. అన్న కాఫీ తాగుతున్నాడు. మేకుకున్న లివరు తీశాను. ఎడమ చెయ్యి కదా, తలకెత్తింది భుజానికి తగిలింది. రెండోది మోకాలి కింద. అక్కడే ఇంకోటి. అక్కడే ఇంకోటి. హాయిగా ఉంది. సిగ్గేమీ లేదు.

మార్చి 12
జాకీ జారి కారు మీద పడిందని పోలీసులకి చెప్పాడట. చెల్లెలు కొట్టిందంటే పరువు పోదూ! అన్న కాలెముకలోనూ ఖాళీ. అదే డాక్టరమ్మ, అదే పొడి.

ఏప్రిల్ 5
కుడి చేత్తో రాస్తున్నాను. నా ఫిల్ములో తెలుపు అంచులు మసకబారాయి. వదిన దవడకి కట్టిన తీగలు విప్పారు. మళ్లీ నా గదిలోనే ఉంటోంది. అన్న కింద అమ్మ దగ్గర. చంక కర్రలు వదిలిన రోజే మా ఇద్దరి పనీ పడతాడట. కింద నుంచి అరిచి మరీ చెబుతున్నాడు.

ఏప్రిల్ 6
అన్న ఫిల్ము వచ్చింది. తెల్లగా మెరుస్తోందట. కాలు మోపొద్దని డాక్టరమ్మ అంటే, కళ్లకి కనిపిస్తోందిగా అన్నాడట.
ఇప్పుడే కర్రలు విసిరేసిన చప్పుడైంది. మెట్లెక్కుతున్నాడు. చేతిలో లివరు మెట్ల కమ్మీకి తగులుతోంది.
అది ఉత్త పొడని మళ్లీ చెబుదామా అన్నట్టు వదిన వైపు చూశాను. వేలు పెదవుల మీద పెట్టింది.