ఒక చేతికి ఆరు బ్యాండులు

ఆస్పత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళు తడి దుప్పట్ల బుట్టలు మోసిన, అందరూ బుట్టమ్మ అని పిలిచే నేను, అరవై నాలుగో ఏట, పూర్తి తెలివితో, స్థిరమైన మనసుతో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. మనసు స్థిరంగా ఉందని డాక్టరుగారు ఇచ్చిన కాగితం జతచేశాను. కోపం కూడా ఉంది. కోపం ఉంటే వీలునామా చెల్లదని చట్టంలో ఎక్కడా లేదట, అడిగే రాయిస్తున్నాను.

1. నా తదనంతరం ఈ షరతులు అమలుచేసే బాధ్యత ఆస్పత్రి పాత లిఫ్టు ఆపరేటరుది. లిఫ్టు రోగులకు మాత్రమే అని బోర్డు ఉన్నా, నా మోకాలు వాచిన రోజుల్లో బుట్టతో సహా నన్ను నాలుగో అంతస్తుకు చేర్చినవాడు. నా ఉన్ని శాలువా ఆయనకు చెందాలి. చలికి ఆగలేడు, పైకి చెప్పుకోడు.

2. నా ప్లాస్టిక్ బుట్ట ఆరోగ్య సంస్థవారికి. కారణం రాయక తప్పదు. పేదవాళ్ళకు వ్యాయామం అలవాటు చేస్తామని వాళ్ళు మా వీధికి వచ్చి, అడుగులు లెక్కపెట్టే బ్యాండులు మనిషికొకటి పంచారు. ఆరు వారాల్లో వీధి సగటు రోజుకు ఆరువేల అడుగులు దాటితే వెనక మైదానానికి దీపాలు పెట్టిస్తారట. దాటకపోతే మాకు నడక మీద ఆసక్తి లేదని లెక్కట. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

నా కోడలూ, ఆమెతో కుట్టుమిషన్ల మీద పనిచేసే నలుగురు ఆడపిల్లలూ పొద్దున్నుంచీ కూర్చునే ఉంటారు. కోడలికి షుగరు. సాయంత్రం ఆ మైదానంలో నడవడమే ఆమెకు మందు. దీపాలు వస్తే చీకటి పడ్డాక కూడా నడవొచ్చని ఐదుగురికీ ఆశ. "అత్తయ్యా, మా అందరికంటే ఎక్కువ నడిచేది నువ్వే కదా, మావి కూడా నువ్వే కట్టుకో" అంది కోడలు. నాదానితో కలిపి ఆరు కట్టుకున్నాను. అది మోసమే, ఒప్పుకుంటున్నాను.

రెండు చేతులతో బుట్టను పొట్టకు అదుముకుని రోజుకు పాతికసార్లు మెట్లెక్కాను. ఊగని చేతిని ఆ బ్యాండు నడకగా ఒప్పుకోదట. ఆ సంగతి మాకెవరు చెప్పారు? మూడో అంతస్తు మలుపులో ఆయాసపడుతుంటే ఆరూ ఒక్కసారిగా గుర్రుమని, చాలాసేపటి నుంచి కూర్చున్నారు, లేచి నడవండి అన్నాయి. యంత్రం చెడిందనుకుని సబ్బునీళ్ళు తగలకుండా గుడ్డ చుట్టాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. సగటు దాటలేదు. ఆసక్తి లేని వీధి అని రిపోర్టు రాశారు. దాన్ని చూసి వార్డు ఆఫీసువాళ్ళు మైదానం గేటుకు తాళం వేశారు.

చేతులు ఊగట్లేదని కనిపెట్టింది లిఫ్టు ఆయనే. సంస్థ అమ్మాయి ముందు ఖాళీ చేతులతో ఒకసారి, బుట్టతో ఒకసారి నడిచి చూపించాను. "రిపోర్టు పంపేశాం కదమ్మా" అని ఊరుకుంది. ఎద్దు పుండు కాకికి ముద్దు. అందుకే బుట్ట వాళ్ళకు ఇస్తున్నాను. దాంట్లో తడి దుప్పట్లు నింపి, నాలుగు అంతస్తులెక్కి, ఊపిరి మిగిలితే మా ఆసక్తి గురించి మళ్ళీ రాయాలి.

3. నా తోడికోడలికి నా కత్తిపీట. క్యాంటీనులో కూర్చున్నచోటు నుంచి కదలకుండా కూరలు తరిగి రోజుకు పద్నాలుగు వేల అడుగులు వేసిన మహాతల్లి. వీధికంతా మొదటి బహుమతి ఆమెదే, అదీ ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునే నాకు నడక గురించి బుద్ధులు చెప్పింది. అయినా నాకు జ్వరం వచ్చినప్పుడు గంజి తెచ్చిందీ ఆమే కాబట్టి, కత్తిపీట పదును పెట్టించి ఇవ్వాలి.

4. నా స్వార్జితమైన పది అడుగుల గది నా కోడలికి సర్వహక్కులతో చెందాలి. కొడుక్కి కాదు, వాడు తాళాలు వేసే రకం. ఆ గది వెనక గోడే మైదానం గోడ. గేటుకు తాళం ఉంది గానీ మైదానంలోకి రాకూడదని ఆర్డరు లేదు. ఆ గోడకు తలుపు పెట్టుకోవచ్చని వార్డు ఆఫీసు చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగి రాయించుకున్న అనుమతి దీనికి జతచేశాను. గోడ పగలగొట్టి తలుపు పెట్టించాలి. రోజూ సాయంత్రం నడవాలనుకున్న ఆడవాళ్ళందరినీ గదిలోంచి వెళ్ళనివ్వాలి. ఇల్లంతా చెప్పుల మట్టి అవుతుందని కొడుకు గోల పెడతాడు. పెట్టనివ్వండి, చీపురు వాడికి రాస్తున్నాను.

5. ఇది కోడలికి. తాళం పడ్డ రోజు నుంచి నువ్వు నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ ఐదు బ్యాండులూ కట్టుకుని అత్తయ్య ఎక్కడో కూర్చుండిపోయింది అనుకున్నావని నాకు తెలుసు. నువ్వు అడగలేదు, నేను పౌరుషానికి పోయి చెప్పలేదు. ఇప్పుడు నువ్వు బండ్ల మధ్య రోడ్డు మీద నడిచి వస్తుంటే నా గుండె పీచుపీచుమంటోంది. ఆ ఆరు వారాల్లో నేను ఒక్క పూటయినా కూర్చోలేదమ్మా. నమ్మమని వీలునామాలో అడగవచ్చో లేదో దస్తావేజులు రాసే ఆయనకూ తెలియదట. అయినా రాయమన్నాను.

ఆరో నెల, పదకొండో తేదీ, మంగళవారం.

చదివించుకుని, విని, సరిగానే ఉందని చేసిన సంతకం: బుట్టమ్మ

సాక్షులు: 1. చెప్పులు కుట్టే ఆయన, మా వీధి మొదట్లో
2. లాండ్రీలో దుప్పట్లు పిండే మా మేస్త్రి