నేను రాయని నాలుగు వాక్యాలు

జూన్ 9, సోమవారం

కంటి ఆపరేషన్ అయ్యాక ఫోను ముట్టొద్దన్నాడు సైనిక్‌పురి డాక్టరు. అందుకని ఈ నెలంతా నా సైన్సు బ్లాగు మనవరాలి చేతిలో. జవాబులు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిస్తాను. మౌనిక టైపు చేసి పెడుతుంది. వచ్చిన సందేశాలు చదివి వినిపిస్తుంది.

ఇవాళ మౌలాలి నుంచి ఒక స్కూలు పిల్ల అడిగింది — వాన రాబోతోందని చీమలకు ముందే ఎలా తెలుస్తుంది? "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అని రాసిచ్చాను. బాకీ ఉన్న ప్రశ్నల లెక్కలో వేసుకున్నాను. మౌనిక మూతి ముడిచింది.

"ఊకె గిట్ల తెల్వదు తెల్వదంటే ఎవరు చదువుతరు నానమ్మా?"

తెలియనిది తెలియదనే చెప్పాలి. క్లాసులో నిలబడ్డన్నాళ్ళూ అదే చెప్పాను.

జూన్ 10

ఉల్లిగడ్డల జవాబుకు మెచ్చుకోళ్ళు ఇంకా వస్తున్నాయట. పోయిన వారం రాసింది. మామూలు జవాబే. కత్తి పడగానే కణాలు చిట్లుతాయి, లోపలి రసాలు కలిసి గంధకం ఉన్న ఒక వాయువు పుడుతుంది, అది కంటి తడికి తగిలి మండిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన సగం, బయట ఉంచిన సగం — రెండూ కోడలితో కోయించి చూశాకే రాశాను. చల్లటిది తక్కువ ఏడిపించింది.

దీనికి ఇంత మెచ్చుకోలా... మౌనిక "సూపర్ అమ్మా, గ్రేట్ అమ్మా" అని గబగబా చదివేసి లేచింది. సంతోషమే. లేదని ఎందుకు రాసుకోవాలి.

జూన్ 12, గురువారం

పాల కోసం వెళితే పై వాటా రాజేశ్వరి గారు చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"మీరు రాసింది చదివి ఏడ్చేశానండీ. సార్ పోయినప్పుడు మీరలా నిలబడుంటే, ఎంత గట్టి మనిషో అనుకున్నాం..."

"ఏం రాశానండీ?"

"అదేంటండీ, మీరే కదా!" ఫోను తీసి అక్కడే చదివింది.

నా జవాబు కింద నాలుగు వాక్యాలు. *మా వారు పోయినప్పుడు నేను నలుగురి ముందు ఏడవలేదు. వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ ఏడ్చాను. అప్పుడైతే ఎందుకని ఎవరూ అడగరు. ఆ ఏడాది మా ఇంట్లో ప్రతి కూరలోనూ ఉల్లిగడ్డే.*

నావి కావు. ఒక్క అక్షరం నాది కాదు.

పాలు తీసుకోకుండా వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం

మౌనిక కాలేజీ నుంచి రాగానే గుమ్మంలోనే ఆపాను. ఎవరు రాశారని అడిగాను.

"నేనే." తల దించలేదు. "నువ్వు రాసింది పాఠం లెక్క ఉండె. జెర టచింగ్‌గ ఉండాలని కలిపిన. ఎంతమంది షేర్ చేసిండ్రో ఎరికేనా?"

"నా పేరు మీద అబద్ధం రాస్తవా?"

"అబద్ధం ఏముంది అండ్ల? నేను చూసిన."

"ఏం చూసినవే?"

"తాత పోయినంక. నేను మూడో తరగతి. వంటింట్ల ఏడ్చుకుంట కోస్తున్నవ్. ఏంది నానమ్మా అంటే, ఉల్లిగడ్డల ఘాటు అన్నవ్." బ్యాగు కింద పెట్టింది. "పీట మీద బెండకాయలుండె."

కోడలు పొయ్యి కట్టేసింది.

జూన్ 13

అబద్ధమైతే నయం. తప్పు పడిందని ఒక సవరణ వేసి ఊరుకునేదాన్ని.

అంత చిన్న పిల్ల, చూసి కూడా ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళు దాచింది. దాచి దాచి, ఊరూ పేరూ తెలియని వాళ్ళ ముందు పరిచింది. నన్ను అడక్కుండా. నా గొంతుతో.

"చిన్న పిల్ల అత్తమ్మా, పోనీయుండ్రి" అంటోంది కోడలు. చిన్నప్పుడే దానికి బుద్ధి ఉండేది.

జూన్ 14

దాని చేతి చాయ్ తాగలేదు.

జూన్ 15, ఆదివారం

డాక్టరు మాట పక్కన పెట్టి ఫోను నేనే తెరిచాను. అక్షరాలు పెద్దవి చేసుకుని, మొదటి నుంచి.

*మా అమ్మ గుర్తొచ్చింది. మీ చేతులకు దండం.* నేను సొంతంగా రాసిన దేనికీ ఎవరూ ఇలా రాయలేదు. అదీ గుచ్చుకుంది.

చీమల పిల్లకు నా "తెలియదు" పోనే లేదు. ఏదో పేరా పోయింది, ఎంతో ధీమాగా. నా లెక్కలో బాకీ ఉన్న ప్రశ్నలన్నీ పేజీలో తీరిపోయి ఉన్నాయి.

ఉల్లిగడ్డల జవాబు కింద మల్కాజ్‌గిరి నుంచి ఒకతను. రైల్వేలో పని. ఈ మధ్యే భార్య పోయిందట. *అమ్మా, మీ లెక్కనే నేను సుత కూరగాయలు కోసేటప్పుడు ఏడుస్తున్న. డ్యూటీల గూడ వస్తున్నది. ఇది ఎప్పటికి ఆగుతది? సైన్సు ఏమంటది?*

నా పేరుతో జవాబు. *ఒక్క ఏడాది ఓపిక పట్టు బాబూ. శరీరానికి అంతే పడుతుంది. ఆ తర్వాత ఆగిపోతుంది. నేను చూశాను కదా.*

అతను — *మీ మాట మీదనే ఉంటనమ్మా.*

ఏడాది అని ఏ పుస్తకంలో ఉంది? ఎవరు చూశారు?

జూన్ 16

మౌనికను పిలిచి చూపించాను.

"ఏడాది అని ఎట్ల రాసినవ్?"

"పాపం మస్తు పరేషాన్‌ల ఉన్నడు నానమ్మా. తెల్వదంటే ఏమైతడో అని భయమైంది." ఈసారి తల దించుకుంది. మెల్లగా — "నీకు ఏడాదికి ఆగిందా?"

"ఫోను ఆడ పెట్టి పో."

జూన్ 17

రాశాను. *బాబూ, ఆ జవాబు నాది కాదు...* తుడిచేశాను.

అది నాది కాదంటే, ఆ నాలుగు వాక్యాలూ నావి కావనుకుంటాడు. వంటింట్లో ఏడ్చిన మనిషిని నమ్మే కదా అడిగాడు. ఆ మనిషే లేదంటే?

ఊరుకుంటే... ఏడాది గడిచాక కూడా కన్నీళ్ళు వస్తే, లోపం తనలోనే ఉందనుకుంటాడు.

ఇంత పని చేసి, మౌనిక హాయిగా కాలేజీకి పోయింది.

జూన్ 18

మళ్ళీ రాశాను. మళ్ళీ తుడిచాను.

జూన్ 19, గురువారం

పొద్దున్నే అతని సందేశం.

*అమ్మా, నిన్న డ్యూటీల ఏడ్వలే. మీరు చెప్పినట్టే అయితున్నది.*

ఫోను పట్టుకుని కూర్చున్నాను. మౌనిక వచ్చి తలుపు దగ్గర నిలబడింది, లోపలికి రాకుండా.

"ఏం రాస్తున్నవ్ నానమ్మా?"

"బాబూ" దాకా రాశాను.