తాడుకు అవతలి మంచు

సిద్దిపేట,
5 మార్చి 2026, గురువారం.

స్నిగ్ధకు,

సింధుజ రాస్తున్నది. సెలవు పెట్టి వచ్చాను, మా ఇంట్లో అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావని తలుస్తాను అని రాయడం ఉత్తరాల పద్ధతి. కానీ కాలికి కట్టుతో, రెండు వేళ్లు తీసేసిన పాదంతో జార్జియాలో ఆ హాస్టల్ మంచం మీద నువ్వెలా ఉన్నావో తెలిసీ ఆ మాట రాయడానికి నాకు చేయి రావడం లేదు. నీ దగ్గరికి వచ్చి ఉంటున్న మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. నా నంబర్ బ్లాక్ చేశావు, ఇన్‌స్టాలో తీసేశావు, మెయిల్ పంపితే జవాబు లేదు. ఇక మిగిలింది కాగితమే. మన సీనియర్ గజ్వేల్ రాజేశ్ అన్న శనివారం ఫ్లైట్‌కి వెనక్కి అక్కడికి వస్తున్నాడు. నీ చేతికే ఇవ్వమని, నువ్వు విప్పేదాకా అక్కడే నిలబడమని చెప్పాను. ఆయన ఎంత మొండివాడో నీకు తెలుసు కాబట్టి ఎలాగూ చదువుతావు.

నేరుగా సంగతికి వస్తాను. సోమవారం పదకొండు గంటలకు కాలేజీ కమిటీ కూర్చుంటుంది. శ్రావణ్ పేరు కొట్టేయాలా వద్దా అన్నది ఆ రోజే తేలుతుంది. కొట్టేస్తే ఐదేళ్ల మెడిసిన్ చదువు మట్టిపాలు. ఇంకో కాలేజీ అతన్ని చేర్చుకోదు. వాళ్ల ముందున్న ఆధారం ఒకే ఒక్క కాగితం, దాని కింద నీ సంతకం. శ్రావణ్ దాన్ని ఫొటో తీసి నాకు పంపాడు. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఎన్నిసార్లు చదివానో. మూసేసిన దారిలోకి శ్రావణే తీసుకెళ్లాడని ఉంది. కాలు విరిగి పడి ఉంటే వదిలేసి వెళ్లిపోయాడని, పోవద్దని నువ్వు బతిమాలినా వినలేదని ఉంది. గంట ముందు దవాఖానకు చేర్చి ఉంటే మంచుకు చచ్చుబడ్డ వేళ్లు దక్కేవని డాక్టర్ అన్న మాట కూడా ఉంది. ఇంగ్లీషు చూస్తే అది నీ రాత కాదని, మీ డాడీ సుధాకర్ గారు ఎవరో వకీలుతో రాయించారని తెలిసిపోతోంది. సంతకం మాత్రం నీదే.

మొన్న ఆదివారం శ్రావణ్ వాళ్ల అమ్మ నర్సమ్మ బెజ్జంకి నుంచి బస్సులో మా ఇంటికి వచ్చింది. పరీక్షలు వాయిదా పడ్డాయని కొడుకు చెప్పిన మాట నమ్మి ఉందట ఇన్నాళ్లూ. సిద్దిపేటలో మీ బంధువులెవరో నోరు జారితే ఊరంతా పాకి చివరికి ఆమె చెవిన పడింది. మా అమ్మ కుర్చీ వేసినా కూర్చోలేదు, గడప దగ్గరే కింద కూర్చుంది. ఇచ్చిన చాయ అట్లే చల్లారిపోయింది.

“నా కొడుకు గా పిల్లను ఇడిసిపెట్టి ఉరికిండంటున్నరు బిడ్డా. నువ్వు గాడనే ఉన్నవట గద. నిజం జెప్పు” అంది.

ఉరకలేదు పెద్దమ్మా, సాయం తేవడానికే పోయిండు అన్నాను. మరి గదే మాట గాళ్లకు ఎందుకు చెప్పలేదని అడిగింది. చెప్పాను, రాసి కూడా ఇచ్చాను, దెబ్బ తగిలిన మనిషి మాటకే వాళ్లు విలువిస్తున్నారు అన్నాను. ఆమె లేచి కొంగు సర్దుకుని, మూడున్నర బస్సు తప్పిపోతదని వెళ్లిపోయింది. అందుకే రాస్తున్నాను. నీకు గుర్తు లేదంటే గుర్తు చేస్తాను.

ఫిబ్రవరి పద్నాలుగు, శనివారం. ఆ రెండు రోజుల మంచు షికారు నీ ఆలోచనే. మొదటి ఏడాది నుంచి అడుగుతున్నావు, సిద్దిపేట పిల్ల స్కీయింగ్ చేసిందని ఇంట్లో ఫొటో పెట్టుకోవాలని. పరీక్షలున్నాయి, ఎక్కడికీ కదలం అని ఇళ్లలో అబద్ధం చెప్పి ముగ్గురం పొద్దున్నే వ్యాను ఎక్కాం. నువ్వు మామిడికాయ తొక్కు సీసా తెచ్చావు, దారంతా బ్రెడ్డుకు రాసుకు తిన్నాం. కిరాయి బూట్లు తొడుక్కుని నడవలేక మనం పడ్డ పాట్లకు ఆ దుకాణం ఆవిడ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

అంతకుముందు ఏడాది రెండుసార్లు వచ్చి ఉన్నాడని శ్రావణే మనకు గురువు. స్కీల ముందు కొసలు దగ్గరికి తెస్తే ఆగుతారని వందసార్లు చెప్పాడు. మధ్యాహ్నానికి నువ్వు నాకంటే బాగా జారుతున్నావు. అందులో నాకు కొంచెం కుళ్లు కూడా వేసింది, ఒప్పుకుంటాను.

నాలుగింటికి పొగమంచు దిగింది. ఇక చాలు, కిందికి పోదాం అన్నది శ్రావణ్. ఇంకొక్కసారి అన్నది నువ్వు. సరే అన్నది నేను. అప్పుడు ఎదురైంది ఆ తాడు. రెండు వెదురు కర్రలకు అడ్డంగా కట్టి ఉంది, మధ్యలో బోర్డు, దాని మీద మంచు పేరుకుని అక్షరం కనపడటం లేదు. అక్కడి వాళ్లెవరైనా అయితే ఆ తాడు చూసి వెనక్కి తిరిగేవాళ్లు. మనం సిద్దిపేట వాళ్లం. వినాయక చవితికి గల్లీ గల్లీకి పిల్లలు చందా కోసం రోడ్డుకు అడ్డం తాడు పట్టుకుంటే, ఎత్తి కిందినుంచి దూరిపోయి పెరిగిన వాళ్లం. తాడంటే మనకు ఆగమని కాదు, వంగమని. నువ్వే చేత్తో పైకెత్తి, తాడు పట్టుకున్న పిల్లాడితో అన్నట్టు ఆ వెదురు కర్రతో చెప్పావు.

“చందా రేపిస్తంలే.”

ముగ్గురం నవ్వాం. ముగ్గురం వంగి దూరాం. శ్రావణ్ ఆఖరున దూరాడు, వద్దేమో అంటూనే. కాగితంలో మాత్రం అతనే తీసుకెళ్లాడని ఉంది.

తాడు అవతల మంచు గట్టిగా లేదు, మోకాలిదాకా దిగబడింది. నువ్వు వంద గజాలు కూడా పోలేదు. ఎడమ స్కీ లోపల ఇరుక్కుంది, ఒళ్లు తిరిగింది, కాలు తిరగలేదు. ఆ చప్పుడు నాకు వినపడింది. నిన్ను ఆపబోయి శ్రావణ్ కూడా పడ్డాడు, అతని ఫోన్ అద్దం పగిలి నల్లబడిపోయింది. నీ ఫోన్ పొద్దుటి నుంచి వీడియోలు తీసి తీసి చలికి ఎప్పుడో ఆరిపోయి ఉంది. టైం ఐదైంది. నాది చూసి వస్తానని, సిగ్నల్ కోసం ఆ గట్టు మీదికి నాలుగడుగులు ఎక్కాను. తిరిగొచ్చి ఆఫ్ అయిందని చెప్పాను.

అప్పుడు శ్రావణ్ ఏం చేశాడో విను. స్కీ కర్రలు రెండు పక్కలా పెట్టి, మఫ్లర్‌తో నీ కాలు కట్టాడు. ఆ కట్టు చూసి దవాఖానలో పెద్ద డాక్టర్ ఎవరు కట్టారని అడిగింది. తన జాకెట్ విప్పి నీ కింద పరిచాడు. తన గ్లౌజులు తీసి, నీ గ్లౌజుల మీదనే తొడిగాడు. నువ్వు లేవలేవు, నిన్ను మోయడం మా ఇద్దరి వల్ల కాదు, పిలవడానికి ఫోన్ లేదు. మనిషి పోవాల్సిందే. గంటలో వస్తా, సింధు నీ దగ్గరే ఉంటది అన్నాడు. నువ్వు పళ్లు కరుచుకుని అతని మొహం చూసి ఒకటే మాట అన్నావు.

“పో. జల్ది రా.”

ఇది నేను చెవులారా విన్నాను. నువ్వు బతిమాలలేదు. ఏడవను కూడా ఏడవలేదు, నిన్ను చూసి నాకే ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత రెండు గంటల యాభై నిమిషాలు. చీకటి పడింది. నిన్ను నిద్రపోనివ్వకూడదని పిచ్చి పిచ్చి ప్రశ్నలన్నీ అడిగాను. మన స్కూల్లో లెక్కల టీచర్ పేరు అడిగాను. మీ ఇంటి నుంచి కోమటి చెరువు కట్ట దాకా ఎన్ని మూలలు తిరగాలో అడిగాను. మొదట చిరాగ్గా చెప్పావు, తర్వాత మెల్లగా చెప్పావు, చివరికి చెప్పడం మానేశావు. నేను నీ చెంపలు కొట్టాను. అంత గట్టిగా కొట్టినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

అక్కడ శ్రావణ్ పొగమంచులో దారి తప్పాడు. వాగులో పడి నడుందాకా తడిశాడు. ఆ బరువు బూట్లతోనే రోడ్డెక్కి, చేతులు చాచి ఒక లారీకి అడ్డం నిలబడ్డాడు. రెస్క్యూ వాళ్లు వేడి గదిలో కూర్చోమన్నా వినకుండా దారి చూపిస్తూ వాళ్లతో పాటు పైకి వచ్చాడు. ఇప్పటికీ కుడి చేతి వేళ్లకు స్పర్శ పూర్తిగా రాలేదు. అతను సర్జన్ కావాలనుకున్నవాడు. వదిలేసి పారిపోయిన మనిషి ఇతనేనా?

నీకు కోపం ఉండటం న్యాయం. రెండు వేళ్లు పోయాయి, నెలల తరబడి నడక లేదు. ఎవరో ఒకరి మీద పడేయకపోతే ఆ బాధ మోయలేం. మీ డాడీ సంగతి కూడా నాకు అర్థమవుతుంది. కూతురు అబద్ధం చెప్పి వెళ్లింది, కూతురే తాడు ఎత్తింది అని ఒప్పుకోవడం కంటే కూలి చేసుకునే ఇంటి పిల్లవాడి మీద రాయడం తేలిక. కానీ నువ్వు అట్లాంటి దానివి కావు. నైన్త్‌లో నేను పరీక్ష హాల్లో చీటీతో దొరికినప్పుడు, అది నాది కూడా అని లేచి నిలబడ్డ దానివి.

సోమవారం లోపల కమిటీకి ఒక్క పేజీ రాయి. తాడు నేనే ఎత్తాను అని రాయి. పొమ్మని నేనే అన్నాను అని రాయి. చాలు. నామీద ఎంత కోపమైనా ఉంచుకో, బ్లాక్ తీయకు, నేనేమీ అనుకోను. నిజం మాత్రం రాయి. నిజం దాచి డాక్టర్లమై ఎవరి నాడి పట్టుకుంటాం చెప్పు.

నా తిరుగు టికెట్ వచ్చే గురువారానికి. వచ్చాక తలుపు తీస్తావనే ఆశతో,

నీ చిన్ననాటి బెంచీ నేస్తం,
సింధుజ

తా.క.: అంటించిన కవరు మళ్లీ చింపి ఇది రాస్తున్నాను.

ఉత్తరం ఏం రాసినవో ఒకసారి చదువు బిడ్డా అని మా బాపు లక్ష్మీరాజం అడిగాడు. కోహెడలో కల్లుకు తాటిచెట్లెక్కి అప్పుడే ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. పౌరుషంగానే చదివాను. అంతా విని, మీరు పడ్డప్పుడు టైం ఎంతైందన్నవ్ అని అడిగాడు. అక్కడ ఐదు, ఇక్కడ ఆరున్నర అన్నాను.

“గా ఆరున్నరకు నేను నీతోని మాట్లాడిన గద” అన్నాడు బాపు.

అవును స్నిగ్ధా, మాట్లాడాడు. బాపు ఆఖరి చెట్టు దిగగానే రోజూ నాకు ఫోన్ చేస్తాడు. ఆ గట్టు మీద నా ఫోన్లో సిగ్నల్ ఉంది, నాలుగు శాతం చార్జింగ్ ఉంది. 112 నొక్కబోతుంటే బాపు ఫోన్ వచ్చింది. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేస్తాడు, మీ డాడీకి చేస్తాడు, మనం హాస్టల్లో లేమని బయటపడుతుంది. అర నిమిషంలో పెట్టేద్దామని ఎత్తాను. తిన్నవా అని అడిగాడు. తిన్న బాపూ, రూంల చదువుకుంటున్న అన్నాను. పెట్టేసి మళ్లీ నొక్కేలోపు ఫోన్ ఆరిపోయింది.

కిందికి వచ్చి మీ ఇద్దరి మొహాలు చూసి చెప్పలేకపోయాను. గట్టు మీద ఎవరితో మాట్లాడినవే అని దవాఖానలో నువ్వు అడిగితే, సాయం కోసం అరిచానన్నాను. ముగ్గురి దగ్గరా ఫోన్లుండగా అతను ఎందుకు పోవాల్సి వచ్చిందని కమిటీ మెయిల్‌లో అడిగితే, మూడూ పనిచేయలేదని రాశాను. నేను ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే శ్రావణ్ కదిలేవాడే కాదు. నీ వేళ్లు నీకుండేవి. నీకు నిజం నేర్పడానికి ఐదు పేజీలు రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పైన రాసింది కొట్టేయలేదు, శ్రావణ్ గురించి ప్రతి మాటా నిజమే. ఇప్పుడే ఇదంతా కమిటీకి మెయిల్ చేశాను, నా సంతకంతో. నువ్వు రాసినా రాయకపోయినా సోమవారం వాళ్లు నా సంగతి కూడా తేల్చాలి. నన్ను క్షమించమని అడగను.

బాపు తిట్టలేదు. రేపు పొద్దున మొదటి బస్సుకు బెజ్జంకి పోయి నర్సమ్మకు ఇది నీ నోటితోనే చెప్పాలన్నాడు. ఒక్కదాన్నే పోతానన్నాను.

“ఫోన్ చేసింది నేను గద బిడ్డా, నేను గూడ వస్త” అన్నాడు.