ఎడమ పక్కకు వచ్చే బంతులు

కెంటకీ రాష్ట్రం, లూయివిల్ నగరంలో సొంత ఇల్లు ఉండి, ప్రస్తుతం జబ్బుతో ఫ్లోరిడాలో మా బేస్‌బాల్ క్లబ్బు వసంత శిక్షణ శిబిరానికి ఎదురుగా అద్దె గదిలో ఉంటున్న లొరెయ్న్ స్ట్రీగల్ అనే నేను, కీర్తిశేషులు ఆగస్ట్ స్ట్రీగల్ గారి కూతురిని, డెబ్బైతొమ్మిదేళ్లదానిని, ఎవరి బెదిరింపూ, ఎవరి బుజ్జగింపూ లేకుండా, తెలివి పూర్తిగా ఉండగా రాయిస్తున్న వీలునామా ఇది. తెలివి ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జత చేశాను. ఆయన నాకు జూన్ దాకా ఒప్పందం రాసిచ్చాడు, పొడిగింపు ఉండదట. ఇదివరకు రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు.

ఫెర్రీమెన్ బేస్‌బాల్ క్లబ్బులో ముప్పై ఒక్క ఏళ్లు ఆటగాళ్ల జీతాలూ ఒప్పందాలూ చూసినదాన్ని. అమలుకర్తా వారసులూ ఈ కాగితాన్ని చివరిదాకా చదవవలెను. మధ్యలో ఆపేవాళ్లు మా ఇంట్లో ఉన్నారు కనుక చెబుతున్నాను.

1. ఈ వీలునామాకు అమలుకర్త మా లాయరు ఒడెస్సా గ్రబ్స్. ఆమె అడిగిన ఫీజు అడిగినంత ఇవ్వవలెను. బతుకంతా బేరాలాడాను, ఇక చాలు.

2. లూయివిల్ ఇల్లు మా వదిన బెర్నడెట్‌కు సర్వహక్కులతో చెందవలెను. బర్గూ, అంటే మా కెంటకీ మాంసం కూర, వండే నా పెద్ద ఇనప కుండ కూడా ఆమెదే. ఇరవై ఏళ్లుగా నా కూరలో మిరియాలెక్కువ అంటూనే రెండేసి గిన్నెలు తినేది. ఇక తన ఇష్టమొచ్చినట్టు చప్పగా వండుకోవచ్చు. అన్నయ్య చనిపోయిన ఏడాది ప్రతి ఆదివారం నా గుమ్మంలోకి వచ్చి కూర్చున్న మనిషి ఆమె ఒక్కతే. అది నేను మరిచిపోలేదు.

3. పదవీ విరమణ రోజున క్లబ్బు ఓనరు కెసింజర్ గారు ఇచ్చిన ముత్యాల దండను ఆయన వారసులకు తిరిగి ఇచ్చేయవలెను. ఆయన నన్ను అరవయ్యో ఏట కూడా "ఏయ్ అమ్మాయీ, ఆ కుర్రాడు ఎంతలో వస్తాడో చూడు" అనేవాడు. నేను చూసేదాన్ని. పేపర్లో మెప్పు ఆయనకు, పెట్టెలో దండ నాకు. దాన్ని ఒక్కసారి కూడా మెళ్లో వేసుకోలేదు.

4. నా బూడిదరంగు ఉన్ని కోటు మా స్టేడియం మూడో గేటు దగ్గర టికెట్లు చూసే ఆర్లీన్‌కు. ఏప్రిల్ ఆటల్లో ఒహాయో నది మీది గాలి ఎముకల్లోకి దూరుతుంది, ఆవిడకు కీళ్లనొప్పులు. ఎడమ జేబులో దగ్గు బిళ్లలుంటాయి, అవీ ఆవిడవే.

5. ఇక రాయడానికి నాకు సిగ్గుగా ఉన్నది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందని నాకేం నమ్మకం లేదు, కాని చెప్పకపోతే ఈ వారంలో ఇంకొకటి జరుగుతుంది. అందుకని చెబుతున్నాను.

మాది చిన్న ఊరి క్లబ్బు. న్యూయార్క్ వాళ్లలాగా డబ్బు కుమ్మరించి ఆటగాళ్లను కొనలేం. కుర్రాళ్లను చిన్న లీగులో పెంచుకోవాలి, పెరిగినవాళ్లను ధర పెరిగేలోగా వీలైనంత కాలం పట్టి ఉంచుకోవాలి. పెద్ద లీగులో ఆరేళ్లు నిండితే ఆటగాడు తన ఇష్టమొచ్చిన జట్టుతో తన ధర మాట్లాడుకోవచ్చు. అప్పటిదాకా క్లబ్బు మాటే. అయితే ఏడాది అంటే నిండు ఏడాది. మొదటి ఏట కుర్రాణ్ణి పెద్ద లీగుకు ఓ రెండు వారాలు ఆలస్యంగా పిలిస్తే ఆ ఏడాది లెక్కకు రాదు, ఆరేళ్లు కాస్తా ఏడవుతాయి. ఇది అన్ని క్లబ్బులకూ తెలిసిన విద్యే. కాకపోతే కారణం డబ్బని పైకి అనకూడదు, అంటే ఆటగాళ్ల సంఘం మీద పడుతుంది. కుర్రాడి ఆటలో ఏదో లోపముందని చెప్పాలి.

1998 మార్చిలో, ఈ రోడ్డుకు అవతలి మైదానంలోనే, ఎలీసియో పానియాగ్వాకు ఆ లోపం నేను చెప్పాను. డొమినికన్ దేశంలోని బానీ ఊరి కుర్రాడు. షార్ట్‌స్టాప్, అంటే రెండో బేసుకూ మూడో బేసుకూ నడుమ నిలబడి, అవతలివాళ్లు కొట్టిన బంతులు ఆపేవాడు. అతని ఆటలో లోపమే లేదు. నాకేం దొరక్క, నోటికొచ్చింది అనేశాను: "ఎడమ పక్కకు వచ్చే బంతులు నువ్వు సరిగ్గా అందుకోవడం లేదు బాబూ. ఓ రెండు వారాలు కింది లీగులో ఉండి నేర్చుకుని రా." అతను టోపీ తీసి, "అలాగే దోన్యా లొరేనా, నేర్చుకుంటాను" అన్నాడు. వాళ్ల దేశంలో పెద్దింటి ఆడవాళ్లను అలా పిలుస్తారట.

అతను నమ్మాడు. నేను లెక్కలో వేసుకోనిది అదే. నేను చెప్పింది రెండు వారాల సాకు, అతను దాన్ని బతుకంతా మోశాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి ఎడమ పక్కకే బంతులు కొట్టించుకునేవాడు. ఆటలో కూడా ఎడమకు జరిగి నిలబడటం మొదలుపెట్టాడు. దాంతో కుడి పక్క ఖాళీ అయింది, బంతులు అటు పోవడం మొదలయ్యాయి. ఏడో ఏట, నేను దొంగిలించిన ఆ ఏట, ఆగస్టులో, కుడివైపు పోతున్న బంతి మీదకు అంత దూరం నుంచి దూకి భుజం చీల్చుకున్నాడు. ముందటేడు స్వేచ్ఛ వచ్చి ఉంటే మనవళ్ల తరం దాకా తిన్నా తరగని ఒప్పందం దొరికేది. భుజం పోయాక ఎవరూ పిలవలేదు. మేమే జాలితో కోచ్ పని ఇచ్చాం. ఆ జీతం కూడా నేనే బేరమాడి తగ్గించాను.

నాకు వయసుతోపాటు మరుపు వస్తుందనుకున్నాను. కాని ప్రతి క్రిస్మస్‌కూ అతని దగ్గర నుంచి బానీ మామిడి మిఠాయి డబ్బా వస్తుంది. మీద ఒకే మాట: "నాకు నా ఆట గురించి నిజం చెప్పిన మనిషి మీరొక్కరే." మొదటి డబ్బా తిన్నాను. తర్వాతవి తెరవడానికి మొహం చెల్లలేదు. పారెయ్యడానికి చెయ్యీ రాలేదు. అన్నీ ఇంటి నేలమాళిగలో వరసగా ఉన్నాయి. వాటిని ఎలీసియో చెప్పినట్టు చెయ్యవలెను.

6. జీతంలో మిగిల్చి క్లబ్బులో నేను కొనుక్కున్న వాటా గురించి. మా అన్నయ్య కొడుకు గ్రేడీ ఇప్పుడు క్లబ్బు జనరల్ మేనేజరు. వాడికి ఈ విద్య నేర్పింది నేనే. పోయిన గురువారం నాకు సూపు తెచ్చి, మంచం అంచున కూర్చుని, "అత్తా, ప్రూయిట్ కుర్రాణ్ణి ఏప్రిల్ సగం దాకా కిందే ఉంచుతున్నా. ఏం సాకు చెబుతున్నానో తెలుసా? నీదే! ఎడమ పక్క బంతులు. అదీ ఎలీసియో నోటితో చెప్పిస్తా. ఆయన చెబితే ఎవడైనా నమ్ముతాడు, పాపం ఆయనే ఇంకా నమ్ముతున్నాడుగా!" అన్నాడు.

నేను నవ్వాను. అలవాటు కొద్దీ, మంచి బేరం విన్నట్టు నవ్వాను. వాడు వెళ్లాక నర్సు ట్వైలా వచ్చి, "ఏమ్మా, నొప్పిగా ఉందా?" అని అడిగింది. నొప్పి కాదు. ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాక కూడా నా నోట ఆ నవ్వు వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

డాషియెల్ ప్రూయిట్ కెంటకీ కొండల్లో హేజర్డ్ ఊరివాడు. తొలి ఆట చూడటానికి వాళ్ల ఊరి చర్చి బస్సు నిండా జనం వస్తున్నారట. ఈ కిటికీలోంచి వాడి ఆట చూస్తున్నాను. వాడికి ఏ పక్కా లోపం లేదు.

కనుక, మార్చి 28 తొలి ఆట జట్టులో డాషియెల్ ప్రూయిట్ పేరు ఉన్నయెడల, నా వాటా పూర్తిగా గ్రేడీకి చెందవలెను. లేనియెడల ఆ వాటా అమ్మి, చిన్న లీగులో రొట్టెకు వేరుశనగ ముద్ద రాసుకుని పూట గడిపే మా కుర్రాళ్ల భోజనాలకు ఖర్చు చేయవలెను. ఈ కాగితం నకలు ఈ రోజే గ్రేడీకి అందాలి. నేను పోయాక చదివే వీలునామా వల్ల ఆ కుర్రాడికి ఉపయోగం లేదు. ఇదీ బేరమే, ఒప్పుకుంటాను. నాకు వేరే విద్య రాదు.

గ్రేడీ, నువ్వు చెడ్డవాడివి కాదురా. జీతాల పద్దు కాపాడటం తప్పని నేను ఇప్పటికీ అనడం లేదు. కుర్రాణ్ణి ముందే కూర్చోబెట్టి, ఉన్నమాట చెప్పి, పదేళ్లకు ఒప్పందం అడుగు. వాడు ఒప్పుకోకపోతే పోనీ. వాడి చేతులు వాడికి చెప్పే నిజాన్ని మాత్రం చెడగొట్టకు.

7. ఎలీసియో పానియాగ్వాకు ఈ వీలునామాలో పైసా రాయలేదు. ఎంత రాసినా అది ఆ ఏడాదికి వెలకట్టినట్టే ఉంటుంది. పైగా ఆస్తి పొందేవాడు సాక్షిగా ఉండకూడదని ఒడెస్సా చెప్పింది, నాకు అతను సాక్షిగా కావాలి. సంతకానికి ముందు ఇదంతా అతనికి పైకి చదివి వినిపించమన్నాను. చదవడం అయ్యాక ఈ ఒక్క మాట చేర్పిస్తున్నాను: చదువుతున్నంతసేపూ అతని మొహం చూడాలనుకున్నాను, దుప్పటి అంచు చూస్తూ ఉండిపోయాను.

పైన రాసినదంతా నా ఇష్టప్రకారం రాయించినది, విని సరిగ్గా ఉందని ఒప్పుకున్నది.

2019 మార్చి 19, మంగళవారం, ఉదయం.

(సంతకం) లొరెయ్న్ స్ట్రీగల్

సాక్షులు:

ట్వైలా బర్డ్‌వెల్, నర్సు. లొరెయ్న్ గారు నా ఎదుటే సంతకం పెట్టారు, మతి స్పష్టంగా ఉంది.

ఎలీసియో పానియాగ్వా, కోచ్. అంతా చదివి వినిపించారు, విన్నాను. కోపం ఇంకా రాలేదు, సాయంత్రానికి వస్తుందేమో. మామిడి డబ్బాల సంగతి తర్వాత చూద్దాం. గ్రేడీ చెప్పమన్న ఆ లోపం ప్రూయిట్‌కు నిన్ననే చెప్పేశాను, నమ్మాడు. పొద్దుటి నుంచి ఎడమ పక్కకే బంతులు కొట్టించుకుంటున్నాడు, ఇక్కడికి వినిపిస్తోంది. నేను వెళ్లి ఆపాలి.