ముప్పై ఒకటో చెట్టు

సంగం,
6-10-2024.

చిరంజీవి రేవతికి,

నాన్న దీవించి రాస్తున్నది. నేనూ మీ అమ్మా ఇక్కడ క్షేమం. విరిగిన నీ కాలికి ఇంకో నెలదాకా కట్టు విప్పరని నీతో చదివే ప్రత్యూష చెప్పింది. ఈ అడవుల చదువుకు నీకు సీటొచ్చిందని కాలేజీ వాళ్లు ఫోన్ చేస్తే, నిన్ను అడగకుండానే మా అమ్మాయి చేరడం లేదని నేను చెప్పాను. అది తెలిసిన రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశావు. మూడేళ్లయింది. మరుసటి ఏడు నీ అంతట నువ్వే వెళ్లి చేరావు. ఫోన్ చేస్తే ఎత్తవు గనక ఈ ఉత్తరం.

ఈశాన్య వానలు మొదలయ్యేలోగా అడవిలో నీ నలభై చెట్లూ కొలవకపోతే ఏడాది పని పోతుందని, ఎవరైనా మనిషి దొరుకుతాడేమోనని ప్రత్యూష మీ అమ్మను అడిగింది. నేను పోతాలే అన్నాను. "కంపచెట్లు కొలిచేది కూడా ఒక చదువేనా అంటివే, ఇప్పుడు నువ్వే పోతావా?" అంది మీ అమ్మ. ప్రత్యూష ఇచ్చిన టేపు, నీ నోటుబుక్కు సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

విడవలూరు దాకా బస్సు. అక్కడి నుంచి మీ అడవి వాచరు చెంగయ్య బండి మీద తీసుకెళ్లాడు. బయట ఇసక చెప్పుల్లోంచి కాలింది. చెట్ల కిందికి వంగి నాలుగడుగులు వేశానో లేదో, తెల్లారి మడిలో దిగినట్టు ఒళ్లంతా చల్లబడింది. సముద్రం హోరు వినపడుతోంది, సముద్రం మాత్రం కనపడదు. ఏడాది మొత్తంలో ఆకంతా రాల్చి బోడిగా నిలబడే రోజే లేదట ఆ అడవికి. నిజం చెబుతున్నా, నాకు ముందు తోచింది ఇది కొట్టేస్తే ఎన్ని ఎకరాలు తేలుతుందో అని.

మొదటిరోజు ఎనిమిది చెట్లు తప్పు కొలిచాను. "ఏంది పెద్దాయనా, తీగను గూడా కలిపి కొలస్తా ఉండావే! అమ్మి చూస్తే ఊరుకోదు" అని చెంగయ్య నవ్వాడు. మళ్లీ మొదటి నుంచి కొలిచాం. నువ్వు రాసుకున్న పోయినేటి అంకెలతో చూస్తే పాలచెట్లు ఏడాదిలో గోరు మందం కూడా లావెక్కలేదు. ఇదేం పెరుగుదల అనుకున్నాను.

మధ్యాహ్నం ఊరికే కూర్చుని వేలితో నేల గీకాను. ఆకుల కింద జానెడు నల్లమన్ను, దాని కింద సముద్రపు ఇసక. నలభై ఏళ్ల సేద్యంలో ఇసక మీద నేను ఎంత ఎరువు పోసినా అలాంటి మన్ను బెత్తెడు తయారు కాలేదు. ఎవరు చేశారయ్యా దీన్ని అని చెంగయ్యను అడిగాను. "ఆకు రాలి రాలి అయింది సామీ. ఎన్ని వందల ఏండ్లు పట్టిందో ఎవురికి తెలుసు?" అన్నాడు. నేను నాలుగు నెలల పంట మనిషిని. నువ్వు ఏం చూస్తున్నావో ఒక్కసారైనా అడిగి ఉంటే బాగుండేది కదా అనిపించింది.

రెండు రోజుల్లో నలభై పూర్తయ్యాయి. ముప్పై ఒకటో చెట్టు పక్కన నువ్వు 'ముసలాయన' అని రాసుకున్నావు. ఆ పాలచెట్టుకే ఆనుకుని నువ్వు అన్నం తింటావని చెంగయ్య చెప్పాడు. అది బాగానే ఉంది. చుట్టుకొలత రెండు వందల పన్నెండు సెంటీమీటర్ల మీద ఒక గీత.

నోటుబుక్కు, ఉత్తరం ప్రత్యూష చేతికిస్తున్నాను. తొందరపడి కాలు కింద మోపవద్దు.

ఇట్లు,
మీ నాన్న
హజరత్తయ్య

తా.క. అంటించిన కవరు చించి ఇది రాస్తున్నాను. ముప్పై ఒకటో చెట్టు లేదమ్మా. ఆగస్టు గాలివానకు వేళ్లతో సహా పడిపోయింది. "అమ్మికి ఇప్పుడే చెప్పబాకండి, ఏడుస్తది. కాలు బాగైనాక తనే వచ్చి చూసుకుంటది" అన్నాడు చెంగయ్య. నాకూ అదే మంచిదనిపించి పోయినేటి అంకెకు ఒక గీత కలిపి రాసేశాను. ఆనాడు కాలేజీ వాళ్లతో అలా చెప్పినప్పుడు కూడా నీ మంచికే అనుకున్నాను. మళ్లీ అదే పని చేస్తున్నానని కవరు అంటించాక గాని తెలియలేదు. నోటుబుక్కులో ఆ అంకె కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. అక్కడ ఏం రాయాలో నీకు తెలుసు గనక ఖాళీగా వదిలాను.