అరుగు మీద నాలుగు దేశాల రాత్రి

శ్రావణం, బుధవారం, 1984. దీపాలు పెట్టిన తర్వాత.

చీదరగా ఉంది. కోడలికి పొద్దు వాలుతుండగా నొప్పులు మొదలయ్యాయి. మా వాడేమో, కోయ మాటలు రాసుకోవడానికి వచ్చి మా ఇంట్లో కిరాయికి ఉన్న జర్మనీ దొర పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఇను. రాత్రిని జర్మనీల నఖ్ట్ అంటరంట, స్వీడన్ల నట్, ఇంగ్లీషుల నైట్. అన్నీ ఒక్క తల్లి పిల్లలే!"

"నీ పెండ్లాం గూడ తల్లి కాబోతున్నది రా. వాగవతలికి పోయి మంత్రసానిని తోలుకరా."

"అవ్, పోత. డచ్చోళ్లది ఒక్కటి రాసుకోని పోత."

ఛీ! ఇంటి మగవాడు లాంతరు పట్టి ముందు నడవందే, చీకటి పడ్డాక ఆ మంత్రసాని గడప దాటదు. వాడికి తెలియదా? నిరుడు ఒక బిడ్డ దక్కలేదు, అదీ మరిచాడా? ఆ దొర పళ్ల సందున నేను వేయించిన పల్లీలు, ఆ నవ్వు... లాంతరు మా వాడి చేతిలో కుక్కి గెంటాను. అప్పటికే చీకటి పడింది, పైగా వాన.

లోపల కోడలు పళ్లు బిగబట్టి గొణుగుతోంది. "నఖ్ట్... నట్... నైట్..."

"ఛీ, నీకూ అంటిందా ఆ తెగులు?"

"గవి అనుకుంట ఉంటే నొప్పి జర ఓర్వవస్తున్నది అత్తమ్మా. నువ్వు గూడ అను."

చెయ్యి పట్టుకుని అన్నాను. పాడు మాటలు, నోరు కడుక్కున్నా పోవడం లేదు. ఇప్పుడే కాస్త కునుకు పట్టింది దానికి. వాగు వైపు లాంతరు వెలుగు ఇంకా కనిపించలేదు. నఖ్ట్, నట్...